తిండి పెట్టే చేతిదే తుపాకి

ముందుగా మన్నించమని అడగాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై అయిదో ఏట, మా ఆయన పోయాక. చెయ్యి ఇంకా తిన్నగా తిరగదు, తప్పులు దొర్లుతాయి, ఒక్క పేజీకి నాకొక పూట పడుతుంది. ఈ కథకి రెండు చలికాలాలు పట్టింది. చదవడానికి మీకు అంత పట్టదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఆర్డిస్ టోర్విక్‌కి కావలసినవి అయిదే అయిదు తూటాలు. వాటి కోసం ఆమె తన మొగుడు పోయిన ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడ్డ పాట్లు చూస్తే, ఈగను తోలడానికి ఏనుగును అద్దెకు తెచ్చుకున్నట్టుంటుంది.

తూటాలు ఆమె మామగారి పాత లీవరు రైఫిల్‌కి. మూడొందల సావేజ్ అనే కొలత. ఆ కొలత తూటాలు కొట్లలో దొరకడం మానేసి చాలా కాలమైంది. ముసలాయన ఆండర్స్ టోర్విక్‌కి కొడుకులు ఇద్దరు, రైఫిలు ఒకటి. పోయేముందు మంచం పక్కన ఇద్దరినీ నిలబెట్టి, "తుపాకి, దానికి తూటాల తిండి పెట్టే చేతిది. కొట్టు మీద ఆధారపడేవాడికి ఇవ్వను" అన్నాడు. చిన్నవాడు లైల్ అప్పట్లో తూటాలు కొట్లోనే కొనేవాడు. పెద్దవాడు ఓర్విల్ మాత్రం, "నేను షెడ్డులో తూటాలు నింపే ప్రెస్సు పెట్టాను నాన్నా, కాలిన తొడుగుల్లో మందూ గుండూ సొంతంగా నింపుకుంటున్నాను" అన్నాడు. రైఫిలు ఓర్విల్ ఇంటి వంటగది గుమ్మం మీదికి ఎక్కింది. ఆ ఓర్విలే ఆర్డిస్ మొగుడు.

లైల్ పోట్లాడలేదు. ఆ నెలలోనే తనూ ఒక ప్రెస్సు కొని, పట్టుదలగా నేర్చుకుని, తాముండే మోంటానా లోయలో ఎవరికీ తీసిపోనంత బాగా తన తుపాకులకి తూటాలు నింపుకోవడం మొదలుపెట్టాడు. అన్నతో వేటకి వెళ్లేవాడు, గడ్డి కోతకి సాయం వచ్చేవాడు, పండగకి భోజనానికి కూర్చునేవాడు. ఒక్కటి మానేశాడు. చిన్నప్పటి నుంచీ ప్రతి చలికాలం అన్నదమ్ములిద్దరూ చిల్లుల పలక మీద పుల్లలు జరుపుతూ క్రిబేజ్ పేకాట ఆడేవారు. ముందు నూట ఇరవై ఒకటికి చేరినవాడిది గెలుపు. ఆ ఆటకి మళ్లీ లైల్ అన్నతో కూర్చోలేదు. ముప్పై అయిదేళ్లు.

ఓర్విల్ మాత్రం ఆ ముప్పై అయిదేళ్లలో గొప్పవాడైపోయాడు. శీతాకాలం రాగానే రాత్రి భోజనం ముగించి షెడ్డులోకి వెళ్లేవాడు. "ఉన్నిబట్టలతో లోపలికి రాకు ఆర్డిస్, రవ్వలు లేచి తుపాకిమందు అంటుకుంటుంది" అనేవాడు. మోంటానాలో అక్టోబరు నుంచి మే దాకా ఉన్ని తొడుక్కోని ఆడది ఎవరు? కాబట్టి ఆర్డిస్ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు. ఆయన చొక్కా జేబులో చిన్న నల్ల నోటుపుస్తకం ఉండేది. తుపాకుల క్లబ్బులో ఎవరైనా "నీ కొలతలేమిటి ఓర్విల్?" అంటే జేబు తట్టి నవ్వేవాడు. ఆయన తూటాలు ఎప్పుడూ అద్దంలా మెరిసేవి. ఒక్కటీ తుస్సుమనేది కాదు. మిగతావాళ్ల ఇత్తడి తొడుగులు ఏడెనిమిదిసార్లు నింపేసరికి మెడ దగ్గర పగిలేవి, ఆయనవి పగిలేవి కావు. ఇంకొకడు నింపిన తూటా తన తుపాకిలో పెట్టకూడదన్నది తూటాలు నింపుకునేవాళ్లందరి మొదటి కట్టుబాటు. లైల్ ఆ విషయంలో మరీ నిష్ఠాపరుడు. అలాంటివాడు కూడా అన్న రైఫిలు ఒకరోజుకి ఎరువిస్తే, అన్న తూటాలతోనే నిశ్చింతగా వేటాడేవాడు.

ఓర్విల్ ఫిబ్రవరిలో పోయాడు. ఆగస్టులో లైల్ చేతినిండా జుకినీ కాయలతో వంటగదిలోకి వచ్చాడు.

"వదినా, ఒక మాట."

"రెండు చెప్పు. ఇన్ని జుకినీలు అంటగట్టి ఒక్క మాటతో తప్పించుకుంటావా? మొన్న తెచ్చినవే ఇంకా రొట్టెల్లో దాస్తున్నాను."

లైల్ కుర్చీ లాక్కుని, ఆమె పెట్టిన రుబార్బ్ కాడల తీపి రొట్టె ముక్క సగం తిన్నాక గుమ్మం మీదికి చూశాడు. "అన్నయ్య నింపినవి ఎన్ని మిగిలాయి?"

"మూడు."

"అవి అయిపోతే?"

"అయిపోయాక చూద్దాం."

"చూడ్డానికేముంది వదినా? గోడకి దిష్టిబొమ్మలా వేలాడుతుంది. నాన్న మాట నీకు తెలుసు. తిండి పెట్టే చేతిది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. నాకు ఉంది."

ఆర్డిస్‌కి ఆ రైఫిలు అంటే మామగారి సొమ్మూ కాదు, మొగుడి జ్ఞాపకమూ కాదు. ఇరవై రెండేళ్ల వయసులో కొత్తకోడలిగా వచ్చిన ఏడు ఆమె మొదటి దుప్పిని కొట్టింది దానితోనే. ఆ తరవాత ఆ ఇంట్లో చలికాలం మాంసం సగం ఆమె కొట్టిందే. అయినా ఇన్నేళ్లూ, "ఓర్విల్ తూటా మహిమ" అని పేరు ఆయనకే పోయింది.

"నేనే నింపుకుంటాను" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది.

లైల్ ఫోర్కు కింద పెట్టాడు. "నువ్వా?"

"ముప్పై ఏళ్లు బడి వంటశాలలో రెండొందల మందికి కొలతేసి వండినదాన్ని. నీ చిటికెడు తుపాకిమందు కొలవలేనా?"

అక్కడికక్కడే ఒప్పందం జరిగింది. వేట మొదలయ్యే ముందు శనివారం క్లబ్బులో అందరూ తుపాకుల గురి సరిచూసుకునే రోజు. ఆ రోజు ఆర్డిస్ అయిదు తూటాలు కాల్చాలి. వంద గజాల దూరంలోని ఇనప పలకకి మూడు తగలాలి. తగిలితే రైఫిలు ఆమెది, లైల్ మళ్లీ ఆ మాట ఎత్తడు. తగలకపోతే రైఫిలు అదే రోజు అతని ఇంటికి వెళుతుంది.

"నీ చేత్తో నింపినవి కావాలి" అన్నాడు లైల్. "అన్నయ్యవి కాదు, కొన్నవీ కాదు."

"కొందామన్నా ఎక్కడున్నాయి?"

ఒప్పందం అయిపోయింది కానీ లైల్‌కి తూటాల మాట మొదలైతే నోరు ఆగదు. "చూడు వదినా, ముందు పుస్తకం కొను. ఒకటి కాదు, రెండు. రెండూ పూర్తిగా చదివాకే డబ్బు తియ్యి. ప్రెస్సు చిన్నది చాలు, ఒక్కసారి లాగితే ఒక్క పని చేసేది. మంచి త్రాసు. పొడవు చూసుకోడానికి కాలిపర్. తప్పు నింపితే గుండు ఊడగొట్టే సుత్తి. కళ్లద్దాలు. తొడుగుకి నూనె రాసేటప్పుడు మాత్రం వేలితో తాకీ తాకనట్టు రాయాలి."

ఆర్డిస్ బుద్ధిగా తలూపింది. అతను వెళ్లగానే అనుకుంది: 'పందెం కాసినవాడు ఎదుటివాడికి సరైన దారి చెబుతాడా? ఇతను చెప్పినదానికల్లా తలకిందులుగా చేస్తే సరి.'

షెడ్డులో ఓర్విల్ ప్రెస్సు ఉందని తెలిసినా, ఆయన వద్దన్న గడప తొక్కడానికి ఆమెకి ఇంకా మనసొప్పలేదు. బుధవారం సాయంత్రం క్లబ్బుకి వెళ్లింది. ఆమె నోరు తెరిచిందే తడవు, ఆరుగురు మగవాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"చిన్న ప్రెస్సా? ఎవరు చెప్పారమ్మా? అది పాతకాలం మాట. గుండ్రంగా తిరిగేది కొనండి. పిడి ఒక్కసారి లాగితే అయిదు పనులు ఒకేసారి అవుతాయి."

"గంటకి నాలుగొందల తూటాలు!"

"నాకు అయిదు కావాలి" అంది ఆర్డిస్.

"ఇవాళ అయిదు అంటారు. రేపు?"

"రేపు కూడా అయిదే."

"నా దగ్గరుంది ఆ మిషను. కొత్తదానిలాగే ఉంది" అన్నాడొకడు. తీరా చూస్తే ఆరుగురిలో నలుగురి దగ్గర ఆ మిషను ఉంది, నలుగురివీ కొత్తవాటిలాగే ఉన్నాయి. అంత డబ్బు పోసి కొన్నవాడికి ఆ పొరపాటులో తోడు కావాలనిపించడం సహజం. ఆర్డిస్ వాళ్లలో ఒకడి మిషను ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. అతని భార్య దాన్ని ఎత్తడానికి తనూ ఒక చెయ్యి వేసింది, నవ్వుతూ.

పచ్చళ్లు పట్టే బల్లకి బోల్టులు వేసి దాన్ని బిగించింది. ఒకేసారి అయిదు పనులు చేసే మిషను, పొరపాటు జరిగితే అయిదు పొరపాట్లు ఒకేసారి చేస్తుందని మొదటి రోజే తెలిసింది. పిడి లాగితే బల్ల నాలుగు కాళ్ల మీద నాట్యమాడింది. గుండ్రటి పళ్లెం తిరగవలసినంత తిరగదు, లేదా తిరగవలసినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. తుపాకిమందు పోసే గొట్టం ఒక తొడుగుని ఖాళీగా వదిలి పక్కదాన్ని పొంగిపొర్లేలా నింపింది. నూనె విషయంలో లైల్ "తాకీ తాకనట్టు" అన్నాడు కదా, ఈమె రొట్టె మూకుడుకి వెన్న పట్టించినట్టు పట్టించింది. తొడుగుల భుజాలు సొట్టలు పడ్డాయి. మూడో రోజు ఆ కసికి నూనె బొత్తిగా మానేసింది. తొడుగు అచ్చులో ఇరుక్కుపోయి, లాగితే అడుగు ఊడి చేతికొచ్చింది.

సెప్టెంబరు మొదటి వారం గడిచేసరికి ఒక్క తూటా తయారు కాలేదు. టమాటాలు మాత్రం ఎదురుగా గంపల్లో మెత్తబడుతున్నాయి. ఇక చేసేది లేక, మిషనుతో పాటు వచ్చిన పుస్తకం తెరిచింది. మొదటి అధ్యాయం పేరు 'కొత్తవారు ఏమి కొనాలి'. ముందు పుస్తకం, అది కూడా రెండు. తరవాత ఒక్కసారి ఒక్క పని చేసే చిన్న ప్రెస్సు. మంచి త్రాసు. కాలిపర్. సుత్తి. కళ్లద్దాలు. లైల్ చెప్పిన వరస కూడా తప్పలేదు.

"దొంగవెధవ" అంది ఆర్డిస్ పుస్తకం మూసి. "నిజం చెప్పి మోసం చేశాడు."

అయితే పుస్తకం ఆమెకి తెలిసిన భాషలోనే మాట్లాడింది. సీసాల్లో కూరలు నిలవపెట్టేవాళ్లకి ఆ క్రమశిక్షణ కొత్త కాదు. కొలత పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, సొంత తెలివి కలపకూడదు, ఒకసారికి ఒక్క రకమే బల్ల మీద ఉండాలి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి. పుస్తకం రెండుసార్లు చదివింది. మిషనుని ఎవరి దగ్గర తెచ్చిందో వాళ్లింటికే తిరిగి తోలింది. ఈసారి అతని భార్య బయటికి రాలేదు. మర్నాడు చిన్న ప్రెస్సు కొనడానికి నలభై మైళ్ల అవతల బ్రెన్నర్ ఊళ్లో కోనీ పెట్రాక్ హార్డ్‌వేర్ కొట్టుకి బండి తీసింది.

ఆమె పేరు చెప్పగానే కోనీ బల్ల వెనక నుంచి గబగబా బయటికొచ్చింది. "అయ్యో ఆర్డిస్ అక్కా, మీకు ఫోను చెయ్యాలనే అనుకుంటున్నాను! ఓర్విల్ గారి పెట్టెలు మే నెల నుంచీ నా దగ్గరే ఉన్నాయి."

"ఏ పెట్టెలు?"

"ఏటా వచ్చేవే. మూడొందల సావేజ్, రెండు పెట్టెలు. ఎక్కడా దొరకవు కదా, ఏడాది ముందే చెప్పి తెప్పించాలి. ఇవే ఆఖరివి, ఇక రావట. డబ్బు పోయినేడే కట్టేశారు."

ఆర్డిస్ బల్ల అంచు పట్టుకుంది. "ఎన్నేళ్ల నుంచమ్మా?"

"మా నాన్న రోజుల నుంచి. ఆయన నాకు కొట్టు అప్పజెప్పినప్పుడు తాళాలూ, పిల్లీ, ఓర్విల్ గారి పెట్టెలూ కలిపి అప్పజెప్పాడు." కోనీ నవ్వింది. "ఇదిగో, ఈ బల్ల మీదే విప్పి తన ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకునేవారు. కాగితం పెట్టెలు మా పొయ్యిలో పడేసేవారు. 'ఆర్డిస్‌కి ఇంట్లో చెత్త నచ్చదు' అనేవారు."

"నచ్చదు. అది నిజమే" అంది ఆర్డిస్.

"ప్రెస్సు ఎందుకక్కా మీకు? ఎనభైల్లో ఒకటి మా నాన్న దగ్గర కొన్నారుగా. చిన్నది, మంచిది."

"ఆ తరవాత తుపాకిమందు ఎన్ని డబ్బాలు కొన్నారు?"

కోనీ ఆలోచించింది. "మా దగ్గర ఒక్కటే. మిగతావి వేరేచోట కొంటున్నారేమో అనుకున్నాం."

ఆర్డిస్ ప్రెస్సు మాట వదిలేసి తుపాకిమందు కొత్త డబ్బా ఒకటి, తూటా అడుగున నిప్పు రగిలించే ప్రైమర్లు ఒక పెట్టె, గుండ్లు ఒక పెట్టె కొంది. పక్క సీటు మీద కంపెనీ తూటాలు నలభై, బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా గలగలలాడాయి.

ఇంటికి రాగానే ఉన్ని స్వెట్టరు కూడా విప్పకుండా తిన్నగా షెడ్డులోకి నడిచింది. రవ్వలేమీ లేవలేదు. బల్లకి బిగించిన ప్రెస్సు ముప్పై అయిదేళ్ల కిందట కొన్నప్పటి రంగుతోనే ఉంది. దాని స్తంభానికి చుట్టిన నూనె కాగితం కూడా విప్పలేదు. అచ్చుల పెట్టె సీలు పగలలేదు. తుపాకిమందు డబ్బా మూత తియ్యలేదు. త్రాసు పళ్లెంలో నాలుగు చిన్న పుల్లలున్నాయి. పక్కన క్రిబేజ్ పలక, అంచులు అరిగిపోయిన పేకముక్కలు, మెత్త దిండు వేసిన కుర్చీ, రేడియో. బల్ల కింద మూడు కాఫీ డబ్బాల నిండా, ఒక్కొక్కసారే కాల్చిన ఇత్తడి తొడుగులు. అవి ఎందుకు పగిలేవి కావో ఇప్పుడు అర్థమైంది. ఒకసారి కాలిన తొడుగుని ఆయన మళ్లీ ముట్టుకుంటేగా!

సొరుగులో నల్ల నోటుపుస్తకం. మధ్యలో తెరిచింది. రెండు వరసల్లో అంకెలు. నూట ఇరవై ఒకటి, నూట రెండు. తొంభై ఎనిమిది, నూట ఇరవై ఒకటి. రెండుసార్లు పుస్తకం చదివిన మనిషికి ఇవి తుపాకిమందు కొలతలు కావని వెంటనే తెలిసిపోయింది. నూట ఇరవై ఒకటి అంటే ఏమిటో ఆ లోయలో పిల్లలకి కూడా తెలుసు. మొదటి పేజీకి తిప్పింది. వరసల మీద ఓర్విల్ గుండ్రటి చేతిరాతలో రెండు పేర్లు. ఒకపక్క 'నేను'. రెండోపక్క 'లైల్'.

తమ్ముడు ఆటకి రావడం మానేసిన చలికాలం నుంచి, ఆయన రెండు చేతుల పేకా తనే వేసుకుని, తమ్ముడి తరఫునా తనే ఆడుతూ కూర్చున్నాడు. అబద్ధమాడి రైఫిలు తెచ్చుకున్నాడు, దానికి మూల్యంగా ఆట పోయింది. ఆట కోసం షెడ్డులో కూర్చుంటే, లోకం దాన్ని తపస్సు అనుకుంది.

ఆర్డిస్ పుస్తకం మూసి తన జేబులో వేసుకుంది.

ఆ తరవాత వారం ఆమెకి అసలైన పరీక్ష. వంటగది బల్ల మీద ఒకపక్క నలభై కంపెనీ తూటాలు, ఇంకోపక్క ఓర్విల్ ప్లాస్టిక్ డబ్బా. మార్చి పోయడానికి రెండు నిమిషాలు. ముప్పై అయిదేళ్లు ఎవరూ పట్టుకోని మోసం, ఒక్క శనివారం ఎవరు పట్టుకుంటారు? నింపడం కుదరకపోతే రైఫిలు పోతుంది, అది ఖాయం. అసలు మొగుడే చూపించిన దారి, తప్పు పట్టేవాళ్లెవరు?

ఆమెని ఆపింది ధర్మచింత అంటే నేను నమ్మను. ఆపింది జామ్ సీసా. పదకొండేళ్ల కిందట జిల్లా సంతలో లోయ కిందింటి ఆవిడ ఒకతె, కొట్లో కొన్న చెర్రీ జామ్‌ని తన సీసాలోకి మార్చి పోటీకి పెట్టి దొరికిపోయింది. పట్టుకున్నది ఆర్డిసే. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడలేదు. చర్చిలో ఎదురుపడితే పక్క వరసలోకి మారేది. ఆ రోజు ఇంటికొచ్చి నిప్పులు కక్కుతుంటే ఓర్విల్ ఒక్కడే, "పోనీలే పాపం, అందరికీ చేతనవ్వద్దూ?" అన్నాడు. ఎంత మెత్తని మనసో అని అప్పుడు మురిసిపోయింది.

ప్లాస్టిక్ డబ్బా తీసుకెళ్లి సింకు కింద పెట్టింది.

నూనె కాగితం విప్పి ప్రెస్సు తుడిచింది. కాఫీ డబ్బాలోంచి ఇరవై తొడుగులు ఏరింది. వేలితో తాకీ తాకనట్టు నూనె. ఒక్కసారి లాగితే ఒక్క పని. పుస్తకంలో ఇచ్చిన అతి తక్కువ కొలత, ప్రతిదీ త్రాసు మీద విడివిడిగా. అయిదింటిలో గుండు మరీ లోతుకి దిగింది. సుత్తితో ఊడగొట్టి మళ్లీ మొదలుపెట్టింది. పది తూటాలు పట్టుకెళ్లి కంకర గోతి దగ్గర కాల్చి చూసింది. మొదటిదానికి కళ్లు మూసుకుంది, నిజమే. రెండోదానికి మూసుకోలేదు.

శనివారం పొద్దున క్లబ్బులో జనం కిటకిట. చిల్లీ అనే కారం మాంసం కూర కుండలు అప్పుడే పొయ్యిల మీద ఉన్నాయి. లైల్ ఆమె చేతిలో తూటా తీసుకుని ఎండకి పట్టి చూశాడు. కాలిపర్ తీసి కొలిచాడు. తిరిగిచ్చాడు.

మొదటిది పలక మీద ఠంగుమంది. రెండోది ఠంగుమంది. మూడోది దుమ్ము రేపింది. నాలుగోదానికి ముందు ఆర్డిస్ కళ్లద్దాలు తుడుచుకుంది. ఠంగు. అయిదోది కూడా ఠంగు.

"చూశారా!" అన్నాడు వెనకనుంచి ఒకడు. "ఓర్విల్ కొలతలంటే ఓర్విల్ కొలతలే!"

"నోటుపుస్తకం ఈమెకి దొరికిందన్నమాట" అన్నాడు మిషను వెనక్కి వచ్చినవాడు.

ఆర్డిస్ ఖాళీ తొడుగులు ఏరుకుని జేబులో వేసుకుంది. వేసవంతా తను పడ్డ పాటు ఒక్క మాటలో పోయినవాడి ఖాతాకి ఎక్కిపోయింది. కాదని చెప్పాలంటే ఓర్విల్‌ని నలుగురిలో నిలబెట్టాలి.

లైల్ ఆమె ట్రక్కు దాకా రైఫిలు మోసుకొచ్చి, తలుపు తీసి, సీటు మీద జాగ్రత్తగా పెట్టాడు. "నీది వదినా. ఇక ఎత్తను." తలుపు పట్టుకునే నిలబడ్డాడు. "ఒక్కటి అడుగుతాను. ఆ నోటుపుస్తకం ఒక్కసారి చూపించు. రాసుకోను, ఒట్టు. చూసి ఇచ్చేస్తాను."

"లోపలికి ఎక్కు. తలుపు వేసుకో" అంది ఆర్డిస్. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చి, కోటు జేబులోంచి పుస్తకం తీసింది.

లైల్ మొదటి పేజీ తెరిచాడు. కాఫీ చల్లారిపోయింది. రెండో పేజీ, పదో పేజీ.

"వదినా" అన్నాడు చివరికి. "నేను లేకుండానే నన్ను ఇన్నిసార్లు ఓడించాడా?"

"చివరిదాకా చూడు. నువ్వూ గెలిచావు."

"తొంభై ఆరులో వరసగా నాలుగుసార్లు గెలిపించాడు."

"ఆ ఏడు నీకు గుండె ఆపరేషనైంది."

లైల్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచి మళ్లీ తుడిచాడు. "మరి తూటాలు ఎప్పుడు నింపేవాడు?"

ఆమె కాళ్ల దగ్గరి సంచీలోంచి కంపెనీ పెట్టెలు రెండూ తీసి అతని ఒళ్లో పెట్టి, కోనీ చెప్పిందంతా చెప్పింది. లైల్ చాలాసేపు పెట్టెల మీది అక్షరాలు చదివాడు.

"అంటే నా జన్మలో నేను నమ్మిన ఒకే ఒక్క చేతి తూటా..."

"చేతిది కాదు."

"అందుకే అంత బాగా పేలేది" అన్నాడు లైల్. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపడానికి కొంచెం కష్టపడవలసి వచ్చింది. అది ఆగాక అతను రైఫిలు వైపు చూశాడు. "అయితే నాన్న మాట ప్రకారం ఆ రైఫిలు..."

"నాది. ఇవాళ తిండి పెట్టిన చెయ్యి ఇది. అంతకుముందు ముప్పై అయిదేళ్లూ నీదే, కాదనను. ఆ ముప్పై అయిదేళ్లు ఎక్కడున్నాయో వెళ్లి తెచ్చుకో, నేను అడ్డు రాను."

"నీ నోటికి దండం వదినా."

"వేట రెండోవారం నువ్వు పట్టుకెళ్లు. ఆ పెట్టెలు కూడా తీసుకో. నీకు అలవాటైనవే."

లైల్ పెట్టెలు తిరిగి ఆమె ఒళ్లో పెట్టాడు. చెయ్యి చాపాడు. "ఇవి కాదు. నువ్వు నింపినవి ఇవ్వు. అయిదు చాలు."

మధ్యాహ్నం చిల్లీ గిన్నెలు ఖాళీ అయ్యాక క్లబ్బు అధ్యక్షుడు బల్ల ఎక్కి, మన ఓర్విల్ టోర్విక్ జ్ఞాపకార్థం, చేత్తో నింపిన తూటాల్లో మేలైనవాటికి ఏటా ఒక షీల్డు ఇద్దామని ప్రతిపాదించాడు. మొదటి షీల్డు ఆయన భార్యకే అన్నాడు. "బలపరిచేవారెవరు?"

అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు లైల్. ఆర్డిస్ అతనికేసి కళ్లెర్రజేసింది. వెళ్లి, అధ్యక్షుడు అప్పటికప్పుడు గోడ మీంచి తీసిన పాత షీల్డు అందుకుంది. చప్పట్లు మోగాయి. చప్పట్లన్నీ ఓర్విల్‌కే.

ఆ చలికాలం నుంచి ప్రతి గురువారం లైల్ ఆమె ఇంటికి ఆటకి వచ్చేవాడు. ఇద్దరూ అదే నల్ల పుస్తకంలో, ఓర్విల్ ఆపిన పేజీ కింద గీత గీసి, కొత్త పేర్లు రాసుకుని ఆడారు. లైల్ ఆ షీల్డు తనూ రెండుసార్లు గెలుచుకున్నాడు. అది ఇప్పటికీ క్లబ్బు గోడ మీద ఉంది.

ఇదంతా నాకెలా తెలుసంటే, షీల్డు వచ్చిన మర్నాడు ఆదివారం చర్చి అయ్యాక ఆర్డిస్ తిన్నగా మా ఇంటికి వచ్చింది. పదకొండేళ్ల తరవాత. చేతిలో జుకినీ రొట్టె. జామ్ సీసా మనిషిని నేనే. వంటపుస్తకం చదవడం రాదని ఎవరికీ చెప్పుకోలేక అప్పుడలా చేశాను. ఆమె కూర్చుని తన కథ చెప్పింది, నేను నాది చెప్పాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. లైల్ కూడా రెండేళ్ల కిందటి వసంతంలో పోయాడు. ఇక రాయనా అని అప్పుడు అడిగితే ఆర్డిస్, "రాసుకో వెర్నా, తప్పులతోనే రాయి. ఎవరూ నమ్మరులే" అంది.

వెర్నా స్కోగ్లండ్, ఎనభై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉండేది మోంటానాలో కోల్టర్ ఫ్లాట్ ఊళ్లో, ఆర్డిస్ ఇంటి మేడ మీద.